అప్పయమ్మప్ప చదివిన తారీకు

ఏటే గుంటా, ఆ ఫోన్లో ఏటి వల్లిస్తన్నావు? ఇటలీ బాసా? ఏదీ, మళ్లీ అను. జెన్నాయో, ఫెబ్రాయో... ఆఁ, మార్త్సో, అప్రీలే, మాజ్జో, జూన్యో! చూసేవా, నాకూ వచ్చు. అలా కళ్లు తేలేస్తావేటి? మా అప్ప దగ్గర విని విని వచ్చీసినాయి. అప్పయమ్మప్ప, నా అక్క. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోనాది.

దాని మొగుడు, మా బావ చిన్నారావు మిలిట్రీలో లారీ తోలీవోడు. నలబైరెండు జూన్‌లో లడాయిలో జాడ తెలీడం లేదని తారొచ్చినాది. పోస్టుమేస్టరు చదివి, "ఇంక లేనట్టేనమ్మా" అనీసేడు. అప్పకి పదారేళ్లు, నాకేడు. లడాయి అయిపోయేక ఇంకో కాయితం వచ్చినాది, ఇటలీ దేశంలో కైదీల ఆసుపత్రిలో పోనాడని, ఇటలీ బాసలోనే. అందులో అంకె ఒక్కటీ లేదు, తారీకు కూడా అక్షరాల్లోనే రాసీసేరు. మా ఊళ్లో అది చదివీ నాథుడేడీ? తిథి తెలీకపోతే అమావాస్యకి స్వయంపాకం ఇచ్చుకోమన్నాడు పంతులు. "ఊరందరి పెద్దల్తోటీ ఆయన్నీ వరసలో నిలబెట్టీసేరు. ఆయన రోజేదో నాకు తెలియాల" అనీది అప్ప.

తరవాత నాకిక్కడ ఉక్కు ప్లాంటులో ఫిట్టరు పని దొరికినాది. వండి పెట్టడానికి అప్ప వచ్చినాది. అప్పుడు భిలాయంటే ఏటనుకున్నావు, ఎర్రమట్టి, కొత్త కోటర్లూ, అంతే. సాయంత్రం పూట ఆకాశం సగం కుంకం జల్లినట్టుండీది. భిలాయి-త్రీ రైల్వే కోటర్లలో జ్ఞానప్రసూన గారని నర్సు ఉండీవారు, చిన్నప్పుడు ఇటలీ సిస్టర్ల దగ్గర పెరిగిన మనిషి. "కాయితం పట్రామ్మా, నిమిషంలో చదివీస్తాను" అన్నారావిడ. ఊహూఁ! "ఒకసారి ఎవుడో చదివితే నా బతుకైపోనాది. ఈ మాటు నానే చదువుతాను, అక్షరాలు చెప్పండి" అన్నాది. మొండిఘటం!

నాకు వీక్లీ ఆఫ్ వచ్చినప్పుడల్లా సైకిల్ వెనకాల కూచోబెట్టుకుని తీసుకెళ్లీవోణ్ణి. అక్షరాలు, తరవాత నెలలు, తరవాత లెక్క. ఒకటో తారీకుని మట్టుకు ప్రీమో అనాలట, మిగతా రోజులకి ఉత్త లెక్కే. తిరిగొచ్చినప్పుడు వెనకాల లూల్యో, అగోస్తో, సెత్తెంబ్రే అని మెల్లిగా పాడుకుంటా ఉండీది. గాలీ, ఆ గొంతూ... ఏ దేశంలో తొక్కుతున్నానో తెలిసీది కాదు నాకు. పప్పు రుబ్బినా అవే, బియ్యం ఏరినా అవే. పొరుగు దీదీ "ఏం మంత్రం భయ్యా" అనడిగీది.

అరవైరెండు మే నెల. మజ్జానం షిఫ్టుకి ఎల్దామని చొక్కా తొడుక్కుంటన్నాను. అప్ప కాయితం విప్పి, వేలెట్టి చదివినాది. "ఉందిచి... మార్త్సో." పదకొండు, మార్చి. తరవాత సంవచ్చరం, కూడబలుక్కుని, రెండు మాట్లు. నలబైమూడు! నలబైరెండు కాదు. జూన్యో, లూల్యో అని వేళ్లు మడిచినాది, మార్త్సో దాకా. "తొమ్మిది నెల్లురా తమ్ముడా! ఆయన అక్కడ ఊపిరి తీస్తంటే నా గాజులు ఇక్కడ చిదిపీసేరు" అన్నాది. ఏడవలేదు. నాను షిఫ్టు మానీసేను.

జూన్‌ ఒకటిని దుర్గ్ బజారుకెళ్లి ఎర్ర గాజులు కొనుక్కున్నాది. ఇంత బొట్టెట్టుకున్నాది. నాకు తల కొట్టేసినట్టయిపోనాది! కోటర్లంతా గుసగుసలు, ఎవుణ్ణో కట్టుకున్నాదని. "తీసీయప్పా, పరువు పోతన్నాది" అన్నాను. "నా తొమ్మిది నెల్లు నాకు బాకీ ఉన్నారు" అన్నాది. అంతే, నాను దానితో మాటాడ్డం మానీసేను. ఒక్క మాటంటే ఒక్క మాట. కంచం పెడితే తినీవోణ్ణి, లేచిపోయీవోణ్ణి. ఎంత ముచ్చటగా ఉండీదో తెలుసా ఆ గాజుల్తోటి. ముప్పయారేళ్ల మనిషి, చిన్నపిల్లలా. చూసీవోణ్ణి గానీ చెప్పలేదు.

మరుసటేడు మార్చి పదకొండు పొద్దున్న పెరట్లో పీటేసుకుని కూచున్నాది. ఈ మాటు ఎవుర్నీ రానివ్వలేదు. తనే ఒక్కో గాజూ తీసి, తడిబట్టలో పెట్టుకున్నాది. బొట్టు తనే తుడుచుకున్నాది. లోపలికొచ్చి, "నాను మొగుణ్ణి సాగనంపేన్రా. ఇంక మాటాడు నాతోటి" అన్నాది.

నాను... "కంచం పెట్టప్పా" అన్నాను.

ఆ ఫేను కాస్త ఎక్కువ పెట్టమ్మా. ఉక్క పోసేస్తన్నాది.