ఆరాధన తర్వాత కారు పందెం

తెనాలిలోకి పెంటియం కంప్యూటర్లు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. కొలకలూరు చర్చి పాస్టరుగారు పాత కంప్యూటరును రిక్షాలో వేసుకుని, కంప్యూటర్లు బాగుచేసే వలి కొట్టుకు వచ్చారు. వలి మూత విప్పి, దుమ్ముకు రెండుసార్లు తుమ్మాడు.

“దీంతో ఏం చేస్తారు అయ్యగారూ?”

“సంఘస్తుల పేర్లు, ఆరాధన క్రమం టైపు చేస్తాం.”

“దానికిది చాలండి. ఇంకా చాలా ఏళ్లు లాగుతుంది.”

“చాలదు వలీ. కారు పందెం ఆట ఆడాలి. మొన్న పెట్టి చూస్తే కారు ఎడ్లబండిలా నడిచింది.”

వలి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “ఆట ఎవరికండి?”

“మా కుర్రాళ్లకి. ఆదివారం పొద్దున వాళ్లంతా ఎక్కడుంటున్నారో నీకు తెలీదా?”

తెలుసు. ఈ కొట్టు వెనక గదిలోనే, వలి పెట్టిన ఆటల కంప్యూటర్ల ముందుంటున్నారు. ఆదివారం బేరమే అతనికి వారమంతా ఆధారం.

“నా పొట్ట కొట్టే సామాను నా చేతే బిగించమంటారా?”

“తెనాలిలో ఇంకెవరికి చేతనవును?”

వలికి కోపం రావలసింది. పొగడ్త దానికంటే ముందొచ్చి కూర్చుంది.

“మదర్‌బోర్డు మార్చాలండి. ర్యామ్ పెంచాలి. ఆటలో బొమ్మల్ని నిజంలా చూపించే త్రీడీ కార్డు హైదరాబాదు నుంచి తెప్పించాలి. అది పడితే కారు అద్దం మీద వాన చినుకులు కూడా కనిపిస్తాయంట.”

“అంట ఏంటి? నువ్వు చూళ్లేదా?”

“నా కంప్యూటర్లలో ఆ కార్డు లేదండి.”

వలి విప్పిన పెట్టెలో ఆ కార్డు పట్టే ఖాళీ చోటును వేలితో తడిమాడు.

“ఆరాధన ఎన్నింటికండి?”

“తొమ్మిదింటికి. ప్రసంగం అయ్యాకే ఆట.”

“ప్రసంగం ఎంతసేపుంటుందండి?”

“నువ్వొస్తానంటే కొంచెం తగ్గిస్తాలే.”