ఏడో తల

(1977 ఎండాకాలం, నెల్లికుదురు. అక్క కౌసల్య అరుగు మీద చింతపండు గింజ తీస్తున్నది. తమ్ముడు కొండల్ అచ్చయి వచ్చిన తన మొదటి పుస్తకాన్ని చదివి వినిపిస్తున్నాడు.)

"ఆగు, ఆగు. గా గుర్రానికి నీళ్ళు ఎవరు పెట్టిన్రు?"

"ఏ గుర్రం అక్కా?"

"రాజకుమారుడు ఎక్కింది. పొద్దుగాల బయలెల్లిండు, మూడు కొండలు దాటిండు, ఇప్పుడేమో కత్తి దూస్తుండు. నీళ్ళు లేవు, గడ్డి లేదు. సావదా అది?"

"అది మాయ గుర్రం."

"మాయ గుర్రమైతె కొండలెక్కి దిగుడెందుకు? ఎగిరి పోతది గద."

"ఎగిరేది రెండో భాగంల ఉంటది. సదవనియ్యి జర."

"సదువు. నేనేమన్న వద్దన్ననా."

"'అంతట మణికేతుడు స్వర్ణతోరణపురంబు వీడి, సప్త సాగరంబులు దాటి...'"

"సముద్రం నువ్వు జూసినవా తమ్మీ?"

"లేదు."

"ఏడు రాసినవ్."

"ఒక్కటి జూసుంటె ఒక్కటే రాద్దును. చూడలే కాబట్టి ఏడు రాసిన. ఆకేరు వాగు నిండుగ వచ్చినప్పుడు ఒడ్డుకు నిలవడ్డ, దాన్ని ఏడుతోని గుణించిన. భూపాలపల్లి అడివిల అర్ధగంట తప్పిపోయిన, గదే కాలకూట వనం. ఇగ గుర్రం ఎక్కినవా అని గూడ అడుగు."

"అడుగుడెందుకు, నాకు ఎరుకే. బర్రె ఎక్కినవ్. అమ్మ పోయిన యేడు, ఆరేండ్లోనివి. అది ఉరుకబట్టె, నేను 'ఓరి నీ నోట్ల మన్నువడ, ఏడికి ఉరుకుతున్నవ్ రా' అని ఒర్రుకుంట ఎన్క ఉరికిన. బర్రెనే తిడుతున్ననో నిన్నే తిడుతున్ననో నాకే తెల్వలే. కింద పడ్డవ్, మోచెయ్యి ఇరిగె."

"నువ్వే ఎత్తుకపోయినవ్ దవాఖానకు."

"మానుకోట దాక. సంకనేసుకోని."

"గా ముచ్చటనే రాసిన. మణికేతుడు కింద పడడు. గంతే తేడా."

"గిన్ని అబద్ధాలు ఏడ నేర్సినవ్ రా?"

"జనగామల. నువ్వే గద తోలినవ్ కాలేజీకి. అరవై తొమ్మిదిల కాలేజీలు బంద్ వెట్టిరి, నేను పోయి అద్దె పుస్తకాల దుకాణంల కూసుంటి. రోజుకు రెండు మింగిన. అన్నిట్ల మొదటి పేజీల మాంత్రికుడు, ఆఖరి పేజీల పెండ్లి. నడుమ పేజీలు ఎవరో చింపుకపోయేటోళ్ళు. గక్కడ ఏం జరిగిందో నేనే ఊహ జేసుకునేటోణ్ణి. గట్ల రచయితనైన. పేజీలన్ని ఉన్న దుకాణం దొరికితె గుమస్తానే అయ్యేటోణ్ణి."

"ఇప్పుడు గూడ గుమస్తావే గద."

"గుమస్తానే."

"గా యేడు లాఠీ దెబ్బలు గూడ తిన్నవ్."

"జై తెలంగాణ అన్నది రెండుసార్లు, దెబ్బలు పడ్డది మూడు. ఒకటి ఎక్కువనే ఏసిన్రు."

"పసుపు నూనె రాసింది నేను. అప్పుడేమన్నవో యాదున్నదా? మన మాటను సిన్మాలల్ల ఎక్కిరిస్తున్నరు, నవ్వెతందుకే వాడుకుంటున్నరు అని ఇల్లు పీకి పందిరేసినవ్."

"యాదున్నది. సదువన్నా?"

"సదువు. రక్కసి ఇంకా రాలే."

"వచ్చింది, గీ పేజీలనే. 'కాలకూట వనంబున ఏడు తలల కరాళి వికటాట్టహాసంబు చేసి ఇట్లనియె. ఓరి నీ నో... ఓరి... ఓయీ మానవాధమా, నిలువుము.'"

"ఏంది ఆగినవ్?"

"ఈడ అచ్చు సరిగ్గ పడలే."

"ఇటు తే, జూస్త."

"నీకు సదువు రాదు గద అక్కా."

"అచ్చు పడ్డదో లేదో జూసెతందుకు సదువెందుకు? నల్లగుంటె పడ్డట్టు, తెల్లగుంటె పడనట్టు. తే. ... మంచిగనే నల్లగున్నది."

"ఎండకు నా కండ్లు మసకలైనయ్. 'నిన్ను ఈ క్షణంబున భక్షించెద.'"

"అంటే?"

"తింట అని."

"తింట అనే అనొచ్చు గద. నీ చిన్నప్పుడు నేను చెప్పిన కతల గట్లనే అంటది."

"కత వేరు, పుస్తకం వేరు."

"రాజు గిట్లనే మాట్లాడి, రక్కసి గిట్లనే మాట్లాడుతదా?"

"పుస్తకంల అందరు గిట్లనే మాట్లాడుతరు."

"అందరా?"

"అందరు."

"సరె."

"అక్కా, పుస్తకం పక్కకు వెడుత. అసలు నేను వచ్చిన పని వేరే ఉన్నది."

"ఉన్నదనుకున్న. ఉట్టిగ నువ్వు రెండు బస్సులు మారి రావు."

"బెజవాడ నుంచి పుస్తకం అచ్చేసినాయిన ఉత్తరం రాసిండు. సోమవారం లోపల రెండో భాగం కత చెప్పాలెనట. లేకుంటె ఇంకోనితోని రాపిస్తడట. నా అడివి, నా రాజకుమారుడు, పేరేమో ఇంకోనిది. రేపు పొద్దుగాల బెజవాడ బండి అందాలంటె ఇయ్యాల్నే బస్సెక్కాలె. నా దగ్గర కతనే లేదు."

"ఏడు సముద్రాలున్నయ్ గద."

"ఉన్నయ్. ఆఫీసు కాయితాల ఎన్క దేశపటం గీసిన. ఏ దీవికి ఎవరు రాజు, ఎవరు మంత్రి, ఎన్ని ఏనుగులు, ఏ ఏనుగు పేరేంది, అన్ని రాసిన. వాళ్ళంత తయారై నిలవడ్డరు. ఏం జెయ్యమంటవని నా మొఖమే జూస్తున్నరు."

"నేనేం జెయ్యాలె దానికి?"

"నువ్వు చెప్పిన రక్కసి కతకు ఆఖరేందో చెప్పు. నాకు సగమే యాదున్నది."

"సగమే ఇన్నవ్ మరి. రక్కసి తింట తింట అంటదా, భయానికి నా కొంగుల మొఖం వెట్టేటోనివి. అటెన్క గురక."

"గందుకే నాకు తినుడే తెల్సు. ఇప్పుడు ఇంట. చెప్పు."

"నువ్వు ముందు చెప్పు. రక్కసిని ఏం జేసినవ్?"

"నరికిపిచ్చిన. మొదటి భాగం ఆఖర్ల."

"సంపినవ్."

"రక్కసిని సంపకపోతె ఏం జేస్తరక్కా?"

"నా కతల సావది. తింట తింట అని ఉరికొచ్చిందా, పొద కింద బట్టల మూట. మూటల పసిపోరడు. తల్లి సచ్చిపోయింది. తిందామని వంగితె పోరడు ఆమె బొటనేలు గట్టిగ పట్టుకున్నడు. ఒక తల ఇప్పుడే తింట అన్నది. ఒక తల రేపు తిందాం అన్నది. ఇంకో తల జర బలువనియ్యి అన్నది. గట్ల ఏడు తలలు కొట్లాడుకుంట కొట్లాడుకుంట పన్నెండేండ్లు సాకినయ్."

"మణికేతుణ్ణి?"

"పేరు నువ్వు వెట్టినవ్. నా కతల పోరడే. అటెన్క రాజు మనుషులొచ్చి కోటకు తోలుకపోయిన్రు. మంచి బట్టలేసిన్రు, మంచి మాటలు నేర్పిన్రు. పోంగ పోంగ మరిచిపోయిండు."

"అయితె నేను..."

"సాకినదాన్నే నరికిపిచ్చినవ్."

"వెయ్యి పుస్తకాలు అచ్చయినయ్ అక్కా. దుకాణాలకు పోయినయ్. ఇగ దాన్ని ఎట్ల బతికించాలె? నా బతుకంత గిట్లనే, నిద్రవోయి లేసినంక తెలివి వస్తది."

"పరేషాన్ గాకు. ఎన్ని తలలు నరికిండు?"

"ఏడు."

"సదువు."

"'మొదటి తల తూర్పున పడియె, రెండవది పడమట పడియె, మూడవది ఉత్తరంబున, నాలుగవది దక్షిణంబున పడియె. ఐదవది ఆకాశంబున కెగసె. ఆరవది పాతాళంబునకు జారె.' ... అక్కా."

"ఊఁ."

"దిక్కులు ఒడిసినయ్."

"అటెన్క ఏమున్నది?"

"అటెన్క పెండ్లి."

"ఆరే నరికిండు."

"ఆరే. దీవి దీవికి ఏనుగులు లెక్కవెట్టినోణ్ణి, నాకు ఏడు తలలు లెక్కవెట్టుడు రాలే. అచ్చేసినాయిన జూడలే, సదివినోడు ఒక్కడన్న అడుగలే. నీకెట్ల తెల్సింది? నేను ఆఖరి దాక సదువనేలేదు గద."

"రాసుకో ముందు. చీకటి వడ్డంక బస్సు దొరకది. పెండ్లయినంక రాజకుమారుడు మళ్ళ అడివికొస్తడు. ఏడో తల గాడనే పొదల ఉంటది."

"ఉంటది. మస్తుంటది అక్కా, ఈ ఒక్కదాంతోనే రెండో భాగమంత నడుస్తది. తర్వాత?"

"వాణ్ణి జూసి పిలుస్తది. వాడు మొఖం జూసి గుర్తువట్టడు. పిలుపు ఇని గుర్తువడుతడు."

"'ఓ కుమారా, ఎచ్చటికి పరుగిడుచున్నావు' అని రాయనా?"

"వద్దు. గట్ల పిలిస్తె వాడెట్ల గుర్తువడుతడు?"

"మరెట్ల రాయాలె?"

"అచ్చుల ఎట్లున్నదో గట్లనే. 'ఓరి నీ నోట్ల మన్నువడ, ఏడికి ఉరుకుతున్నవ్ రా' అని."

"... అక్కా. గది నేను నీకు సదువలే."

"పక్కింటి సత్తమ్మ కోడలు నీ పుస్తకం తెచ్చి సదివింది, రెండుసార్లు. రక్కసి గా మాట అనంగనే అరుగు మీదోళ్ళందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన తమ్మీ."