ఆరని నీలం చొక్కా

ఉదయం ఏడు దాటింది. వెనక వరండాలో, తీగ మీది నీలం యూనిఫాం కింద, బడిలో కెమిస్ట్రీ చెప్పే మేస్టారు, ఆయన భార్య.

“ఇంకా తడేనండీ! ఆరేసి రెండు రోజులైంది.”

“తడి కాదు, చెమ్మ.”

“చెమ్మా? పిండితే చుక్కలొస్తున్నాయి. తొమ్మిదింటికి నన్ను ట్రైనింగ్‌కి తీసుకెళ్లే బస్సు. యూనిఫాం లేకపోతే ఎక్కనివ్వరు. పక్కనే మీ తువ్వాలు చూడండి, నిన్ననే ఆరిపోయింది.”

“దానికి బాధ్యత తెలుసు.”

“జోకులొద్దు. దీన్నెలా ఉతికారు?”

“కొత్త బట్ట కదా, రంగు దిగకుండా... ఉప్పునీళ్లలో నానేశా.”

“తర్వాత మంచినీళ్లలో జాడించారా?”

“జాడించడమంటే...”

“జాడించారా, లేదా?”

“లేదు.”

“ఎంత ఉప్పేశారు?”

“ప్యాకెట్టు.”

“ప్యాకెట్టంతానా!”

“నీళ్లలో ఉప్పు కరిగితే ఆవిరి సరిగ్గా లేవదు. నీళ్లని పట్టుకుని వదలదు. పైగా ముసురు, గాల్లో తేమ కూడా లాగేసుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్తున్నా. ఒక గిన్నెలో మంచినీళ్లు, ఒక గిన్నెలో ఉప్పునీళ్లు, ఏవి ముందు ఇగిరిపోతాయిరా అంటే వెనక బెంచీ వాడు కూడా చెప్తాడు. నా పేపరు నేనే దిద్దుకుంటే సున్నా. దద్దమ్మని.”

“చాల్లెండి.”

“ఉత్త దద్దమ్మా? ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా కప్పుకున్న దద్దమ్మని.”

“అంతలా తిట్టుకోకండి. మరిచిపోయారు, ఎవరైనా మరిచిపోతారు. నా బెంగల్లా నేను ట్రైనింగ్‌లో ఉండే ఈ ఆర్నెల్లూ మీరొక్కరూ ఎలా నెట్టుకొస్తారా అని.”

“మరిచిపోలేదు.”

“ఏంటీ?”

“జాడించడం మరిచిపోలేదు. బకెట్టు నిండా మంచినీళ్లు పట్టాను. పట్టి, పారబోశాను.”

“ఎందుకు?”

“మా ఆవిడ బస్సు నడపబోతోందని స్టాఫ్‌రూమంతా డప్పు కొట్టింది నేనే. ఇప్పుడు వెళ్లొద్దని అడగడానికి మొహం చెల్లలేదు. ఆర్నెల్లు నువ్వు లేకుండా... భయమేసింది. బస్సు తప్పిపోతే బావుణ్ననిపించింది.”

“అంటే, కావాలనే చేశారన్నమాట.”

“అవును. తిట్టు.”

“ఆ చొక్కా ఇలా ఇవ్వండి.”

“ఒంటిమీదేసుకున్నా ఆరదే. అందులో ఉప్పు...”

“ఆరకపోతే తడిగానే నడుపుతాను.”