అద్దాల బంతిలో చీకటి ముక్క

డ్యాన్స్ హాలు మళ్ళీ తెరుస్తున్నారు. అక్కడే పనిచేసి రిటైరైన ఎలక్ట్రీషియన్, పైనుంచి దించిన అద్దాల బంతిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, రాలిన ముక్కలు అంటిస్తున్నాడు. ఒకప్పుడు అదే హాల్లో టికెట్లు ఇచ్చిన ఆయన భార్య పక్కనే జిగురు డబ్బా పట్టుకుని కూర్చుంది. పొద్దుటినుంచీ ఆయన కంటికి ఆ బంతి తప్ప పెళ్ళాం ఆనడం లేదు.

"ఇన్ని రంగుల లైట్లు వచ్చాక దీన్నెవరు చూస్తారండీ?"

"తిరగనీ, అందరూ తలెత్తి చూస్తారు. డిస్కో అనే మాట పుట్టకముందు నుంచీ ఉందిది. మా తాత కాలంలోనూ జంటలు దీని కిందే ఆడేవి."

"సరేగానీ, మనప్పట్నుంచీ ఉన్న ఆ అరచెయ్యంత ఖాళీ అలాగే వదిలెయ్యండి."

"వదిలేస్తే గోడల మీద నల్లమచ్చ తిరుగుతుంది. కొత్త యజమాని నా తోలు తీస్తాడు."

"ఆ మచ్చ నా టికెట్ బల్ల మీదికి వచ్చినప్పుడేగా మీరు నా చెయ్యి పట్టుకునేది. వెలుగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు స్విచ్చుల వైపు తిరిగేవారు."

ఆయన చేతిలోని అద్దం ముక్క మెల్లగా మిగతా ముక్కల్లోకి వెళ్ళిపోయింది.

"ఇంకా గుర్తుందా నీకు?"

"ఎలా మర్చిపోతాను? పోనీ, ఆ మోటారన్నా బాగుచెయ్యండి. నత్తలా తిరుగుతోందని పాత యజమాని రోజూ సణిగేవాడు."

"మోటారుకి ఏ రోగమూ లేదు. అప్పుడూ లేదు."

"మరి?"

"వేగం తగ్గించింది నేనే. ఆ చీకటి నీ దగ్గర ఇంకాసేపు ఆగాలి కదా."