బల్ల మీద కూర్చోమని ఎవరు చెప్పారు

నా పేరు అప్పాయమ్మ. భర్త కీర్తిశేషులు బుల్లబ్బాయి. వయసు యాభై ఎనిమిది, ఆధార్ కార్డులో అరవై రెండు వేశారు, ఏది రాసుకుంటారో మీ ఇష్టం. వృత్తి చేపల అమ్మకం. ఉండేది కొత్తమెరక గ్రామం, రేవు పేట. రోజూ పొద్దున్న ఏడు గంటల బస్సుకి పాలకొల్లు మార్కెట్‌కి వెళ్తాను. మా ఊరి పల్లంరాజు గారు వినీల టీచరు గారి మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఎస్సై ఉషారాణి గారు అడిగితే చెబుతున్నాను.

మా ఊరి బస్ షెల్టరు పల్లంరాజు గారి నాన్నగారు కట్టించారు. మంచి మనిషి, పోయారు. లోపల పొడుగ్గా సిమెంటు బల్ల ఉంది. ఆ బల్ల మీద చేపలమ్మే ఆడవాళ్లం కూర్చోము. బయట గంప దింపుకుని నిలబడతాం. కాళ్లు మరీ లాగితే నేల మీద చతికిలబడతాం. కూర్చోవద్దని బోర్డేమీ లేదు. మా అత్త సూరమ్మ కూర్చోలేదు, అందుకని నేనూ కూర్చోలేదు.

వినీల టీచరు గారిది రాజమండ్రి. మా హైస్కూల్లో సోషల్ చెబుతారు. నా మనవరాలు రాణి టెన్త్‌లో ఆవిడ దగ్గరే చదువుతోంది. టీచరు గారు నా దగ్గర చేపలు కొంటారు కానీ కొనడం రాదు. మొప్ప ఎత్తి చూడరు, బేరమాడరు, నేను ఏది ఇస్తే అది సంచిలో వేసుకుపోతారు. అంత చదువుకుని ఈ అమాయకత్వం ఏంటని నవ్వుకునేదాన్ని. ఆవిడకి మాత్రం పాడు చేప ఎప్పుడూ ఇవ్వలేదు, అది కూడా రాసుకోండి.

రాణి ఇంటికొచ్చి పాఠాలు నాకు చెబుతుంది. నేను చేపలు తోముతూ వింటాను. ఉప్పు పాఠం చెప్పింది. సముద్రం ఒడ్డున ఉప్పు తీసుకోవడానికి తెల్లవాడి అనుమతి ఏంటని జనం నడిచి వెళ్లారట. ఇంకో రోజు అమెరికాలో ఒకావిడ సంగతి చెప్పింది. నల్లావిడ, బస్సులో సీటు లేచి ఇమ్మంటే లేవలేదట. ఆవిడ టికెట్టు కొన్నదా అని అడిగాను. కొన్నదట. కొన్నాక లేవడం ఎందుకే అన్నాను. అప్పుడు రాణి నా మొహం చూసి, "మామ్మా, నువ్వూ టికెట్టు కొంటావుగా. షెల్టర్లో కూర్చోవేం?" అంది. నోర్మూసుకుని చదువుకోమన్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

తర్వాతి వారం టీచరు గారు పిల్లలకి ఒక పని ఇచ్చారు. ఊళ్లో ఎక్కడా రాసి లేని రూలు ఒకటి పట్టుకోవాలి. అది ఎవరు పెట్టారో, ఎప్పుడు, ఎందుకు పెట్టారో అడిగి రావాలి. అంతే. ఎవరితోనూ గొడవ పడొద్దు, ఎవరికీ నీతులు చెప్పొద్దు, విన్నది వచ్చి చెప్పండి అన్నారట. రాణీ, ఇంకో నలుగురు పిల్లలూ ఈ బల్ల సంగతి పట్టుకున్నారు.

ముందు నన్నే అడిగారు. మా అత్త చెప్పింది అన్నాను. మంచం మీదున్న మా అత్తని అడిగారు. చెవుడు కదా, అరిచి అరిచి అడిగితే, ఎనభై ఆరు వరదప్పుడు బస్సు కండక్టరు యెహెజ్కేలు చెప్పాడంది. యెహెజ్కేలు గారు రిటైరై చర్చి వెనక ఇంట్లో ఉంటున్నారు. పిల్లలు అక్కడికీ వెళ్లారు. వాళ్లతో ఏం చెప్పారో రాణి నాకు చెప్పలేదు. శుక్రవారం క్లాసుకొచ్చి వినమంది.

టీచరు గారు నన్నూ యెహెజ్కేలు గారినీ క్లాసుకి పిలిచారు. మార్కెట్ నుంచి గంపతోనే వెళ్లాను. ఆవిడ తన కుర్చీ జరిపి, "అప్పాయమ్మ గారూ, కూర్చోండి" అన్నారు. నా పేరుకి గారు తగిలించిన మనిషి ఆవిడొక్కరే. నేను కూర్చోలేదు, చీరంతా నీచు వాసన. ఆవిడ బలవంతం చేయలేదు. కుర్చీ అక్కడే ఉంటుందండి, మీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు అన్నారు. పీరియడంతా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆవిడా కూర్చోలేదు.

చేప మంచిదో కాదో ఎలా తెలుస్తుందని నన్ను అడిగారు. గంపలో మిగిలిన చేప తీసి మొప్ప ఎత్తి చూపించాను. ఎర్రగా ఉంటే మంచిది, పాలిపోతే పాతది. ఆవిడ పిల్లల వైపు తిరిగి, ఎవరైనా ఇది ఎప్పట్నించో ఉన్నదే అంటే ముందు మొప్ప ఎత్తి చూడండి, చరిత్ర చదవడం అంటే అదే అన్నారు. చేపలు కొనడం రాని మనిషి ఆ మాట అన్నారండి. నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. నా పని గురించి బడిలో అలాంటి మాట చెప్పుకుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

తర్వాత యెహెజ్కేలు గారు లేచారు. "అప్పాయమ్మా, నేనన్నది బస్సు సంగతి. వరద రోజుల్లో బస్సు కిక్కిరిసిపోయేది. తడి గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ల మీద నీళ్లు కారుతున్నాయి, ఈ వారం రోజులూ వెనక నిలబడండి అన్నాను. అప్పటికి షెల్టరే లేదు కదా" అన్నారు.

వారం రోజుల మాట. మా అత్త నిలబడింది, ఆవిణ్ని చూసి నేను నిలబడ్డాను. షెల్టరు కట్టాక బల్లకీ అదే రూలని మాకు మేమే అనుకున్నాం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. నా మోకాళ్లు చూసుకున్నాను.

పిల్లలకీ కోపం వచ్చింది. రేపే అందరం వెళ్లి బల్ల మీద కూర్చుంటామన్నారు. టీచరు గారు వద్దన్నారు. ఇది నా చెవులతో విన్నాను. "కూర్చోవాలో వద్దో అప్పాయమ్మ గారి ఇష్టం. ఆవిడ హక్కుని ఆవిడ బదులు మీరు వాడేయకండి" అన్నారు. పిల్లలు చల్లబడ్డారు.

మంగళవారం పొద్దున్న ఆరూ నలభైకి షెల్టరుకి వెళ్లాను. ఉతికిన చీర కట్టుకున్నాను. గంప బయటే దింపి గోనె కప్పాను. లోపలికెళ్లి బల్ల చివర కూర్చున్నాను. సిమెంటు చల్లగా ఉంది. పల్లంరాజు గారు పాలకొల్లు వెళ్లడానికి వచ్చారు. ఏంటప్పాయమ్మా కొత్తగా, లే అన్నారు. మోకాళ్ల నొప్పులండి, బస్సు రాగానే లేస్తాను అన్నాను. ఇది మా నాన్న కట్టించిన బల్ల అన్నారు.

"మీ నాన్నగారు మమ్మల్ని కూర్చోవద్దన్నారా అండి?"

"ప్రత్యేకంగా చెప్పాలా?"

అంటే ఆయన నాన్నగారూ చెప్పలేదన్నమాట, ఆ ముక్కతో నాకు అంతా అర్థమైపోయింది. ఇదంతా ఆ టీచరమ్మ నేర్పిందే అన్నారు, ఫోన్లో నా ఫొటో తీశారు. నేను లేవలేదు. బస్సొచ్చాకే లేచాను. ఒకరి మీద ఒకరం చెయ్యి వేసుకోలేదు. బల్ల మీద చేపల నీళ్లు పోశానని ఫిర్యాదులో రాశారట. గంప గడప దాటలేదు. ఆయన తీసిన ఫొటోలోనే బయట గంప కనపడుతుంది, చూసుకోండి.

పిల్లల్ని రెచ్చగొట్టి, ఊళ్లో కులాల మధ్య తగువు పెట్టిందని టీచరు గారి మీద రాశారట. విచారణ అయ్యేదాకా క్లాసులోకి వెళ్లొద్దని ఆవిణ్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు. రాణి వాళ్లకి రాజ్యాంగం పాఠం సగంలో ఆగిపోయింది. ఉద్యోగం కూడా పోతుందంటున్నారు. ఆవిడ పోతే ఆ పాఠం మళ్లీ అలా చెప్పేవాళ్లు రారు. చదువురాని దాన్ని, నాకే తెలుస్తోంది.

బల్ల మీద కూర్చోమని టీచరు చెప్పిందా అని ఎస్సై గారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదనే చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమన్నది ఒక్కసారే, తన క్లాసులో, తన కుర్చీలో. ఆ రోజు నేను కూర్చోలేదు. బల్ల మీద కూర్చున్నది నా అంతట నేను. కూర్చోవడం నేరమైతే కేసు నా పేరున రాయండి, ఆవిణ్ని పాఠం చెప్పుకోనివ్వండి.

నేను చెప్పినదంతా స్టేషన్ రైటరు గంగాధర్ గారు చదివి వినిపించారు. నేను అనని మాట ఇందులో లేదు. ఒక మాట మాత్రం తప్పిపోతే చెప్పి రాయించాను. లోపలికి రాగానే ఎస్సై గారు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు. రెండోసారి చెప్పించుకోలేదు. ఈ వాంగ్మూలమంతా ఆ కుర్చీలో కూర్చునే ఇచ్చాను.

అప్పాయమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర