చెర్రీ సారా సీసా

మలయాలో తెలుక్ ఆన్సన్ దగ్గర ఒక రబ్బరు తోట, 1931. ఆదివారం మధ్యాహ్నం, వాన. కరిగించిన చీజుతో విందిస్తున్న స్విట్జర్లాండ్ దొర బంగళా వెనక వంటగదిలో వంటవాడు తాతబాబు, దొరబిడ్డను పెంచుతున్న అతని భార్య మరిడమ్మ.

"మళ్ళీ సెప్పు మావా. ఎర్ర వైను ఎవులికి?"

"ఎవులికీ కాదే. సీజు కుండకి ఎర్రది పనికిరాదు, నాలిక మీద సేదు తేల్తాది. పుల్లటి తెల్లదే ఉండాల. సీజు కరిగించీదీ తెల్లదాన్లోనే, రొట్టె ముక్కలు ముంచుకు తింటా పక్కన తాగీదీ తెల్లదే."

"అందరూనా?"

"పినాంగు నించొచ్చిన దొరలిద్దరూ తెల్లది. దొరసానికి వేడి టీ. సల్ల నీళ్ళు ఇచ్చినావో, కడుపులో సీజు గడ్డ కట్టీస్తాదని దొర భయం."

"మరి దొరకి?"

"ఏటే, ఇయ్యాల వైన్ల మీద పడ్డావు? ఏది దేనికి కలుస్తాదో ఆర్నెల్లు నేర్సుకున్నాను. ఒక్కనాడైనా అడిగినావా?"

"ఇప్పుడడుగుతన్నాను కదా. దొరకేటి?"

"తెల్లదే. సగం తిన్నాక ఆ సన్నమెడ సీసాలోది, సెర్రీపళ్ళ సారా, సిన్న గళాసుడు. అది దొర ఒక్కడిదే."

"ఒక్కడిదేనా? దొరసాని ముట్టదా?"

"ఆవిడికి వాసనే పడదు. ఇన్ని ఆరాలెందుకే నీకు?"

"ఊరికినే మావా."

"ఊరికినే కాదు. ఇటు సూడు. పొద్దున్న సామాన్ల గదిలో ఏటి సేసినావు?"

"గళాసులు తుడిసినాను."

"గళాసులు రాత్రే ఇక్కడెట్టినాను."

"సూరిబాబు పోయి నేటికి నెల మావా."

"తెలుసు."

"తెలిసే ఆ దొరకి వొండి పెడతన్నావు. జొరంతో ఒళ్ళు కాలిపోతన్న నా కొడుకుని బెత్తంతో కొట్టి వానలో సెట్ల కాడికి తోలినాడు. సాయంత్రం పీనుగుని నువ్వే బుజాన ఏసుకొచ్చినావు."

"మెల్లగా! లోపల వింటారు."

"మర్నాడు పొద్దున్నే ఆడికి టీ పట్టుకెళ్ళినావు."

"ఏటి సెయ్యమన్నావు? ఇది ఒగ్గేసి ఎక్కడికెల్తాం మనం..."

"నిన్నేటీ సెయ్యమన్లేదు. నాను సేసినాను."

"ఏటి? ఏటి సేసినావే?"

"మలాయోళ్ళు సేపల్ని సంపడానికి ఏట్లో పిండుతారు సూడు, తూబా వేరు..."

"ఎందులో?"

"కుండలో ఎయ్యలేదు మావా. కుండ అందరిదీ. సీసా ఆడొక్కడిదే. నువ్వే ఎప్పుడూ సెప్తావు కదా ఇంకెవులూ ముట్టరని."

"మరిడీ..."

"దొర గుంటని కూడా పడుకోబెట్టొచ్చినాను. ఆ కళ్ళతో అది సూడకూడదని. పోలీసులొస్తే నానే అంటాను, నీకేటీ కాదు."

"అది కాదే. సీజు ఇయ్యాల కుదర్లేదు, జిడ్డు పైకి తేలిపోయింది. దొరొచ్చి సూసి, ఆ సెర్రీ సారా ఒక గళాసుడు పొయ్యమన్నాడు."

"ఎందులో?"

"కుండలో."

"పోసినావా? మావా, పోసినావా?"

"పోసి, కలిపి, ఇందాకే బల్ల మీద ఎట్టొచ్చినాను. గుంట లేసిపోయింది మరిడీ. దొరసాని ఒళ్ళో కూకుని, అందరికన్నా ముందు అదే ముంచుకుంది."