తెల్లవారుజామున తలుపు తట్టిన ముప్ఫై ఏళ్ళు

1994 అక్టోబరు 3, సోమవారం ఉదయం, అప్పటివరకు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఇరవై ఎనిమిదేళ్ళ యువతి ఒకరు మన సంస్థలో నమూనా సేకరణ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు మనకున్నవి రెండు గదులు, ఒక ఫ్రిజ్, వాన పడితే బిగుసుకుపోయే ఒక కిటికీ. నేడు ప్రధాన సేకరణాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న ఆ యువతే మనందరి పెద్దక్కగారు.

క్రీడాకారులు నిషిద్ధ ఔషధాల సాయంతో గెలవకుండా చూడటం మన సంస్థ కర్తవ్యం. అందుకు ప్రయోగశాలకు యంత్రాలున్నాయి, న్యాయవిభాగానికి నిబంధనలున్నాయి. కానీ వాటన్నిటికంటే ముందు ఎవరో ఒకరు అలసిపోయిన మనిషి ఎదుట నిలబడి, మర్యాద చెడకుండా మూత్రం అడగాలి. ముప్ఫై ఏళ్ళుగా పెద్దక్కగారు చేసినది ఆ కష్టమైన పనే.

తొలి సంవత్సరాలలో వారికి ఎదురైనవి ఎక్కువగా మూసిన గేట్లే. ఒక ఈతకొలను శిక్షకుడు లోనికి రానీయకపోతే మెట్లమీద మూడు గంటలు కూర్చుని, "ఇక్కడ కూర్చున్నానని రాశాను, రానివ్వలేదని మాత్రం ఇంకా రాయలేదు" అని కబురు పంపి తలుపు తీయించిన ఘనత వారిది. 2001లో అధికారిణి అయ్యారు. నమూనా త్వరగా ఇవ్వాలని క్రీడాకారిణులు గటగటా నీళ్ళు తాగేవారు. అలా తాగితే మూత్రం పలచబడి ఆ నమూనా చెల్లదు. "చాలు తల్లీ, ఇక చాలు" అంటూ గ్లాసు పక్కన పెట్టించే వీరికి మైదానాల్లో "చాలు పిన్ని" అనే పేరు స్థిరపడిపోయింది.

2009లో జరిగిన ఒక సంఘటనకు నేను ప్రత్యక్ష సాక్షిని. బరువులెత్తే క్రీడాకారిణి ఒకరిని ఆకస్మికంగా పరీక్షించవలసి ఉదయం ఆరింటికి వారింటికి వెళ్ళాము. తీరా చూస్తే ఇంటి నిండా చుట్టాలు. ఆ రోజే ఆ అమ్మాయి పెళ్ళి! మేము పెళ్ళికొడుకు తరఫువాళ్ళమనుకుని, పెళ్ళికని ఊరి నుంచి వచ్చిన వాళ్ళ నాయనమ్మ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. సంగతి తెలియగానే పెళ్ళికూతురి తండ్రి, రేపు రమ్మని, ఎన్ని సీసాలు కావాలన్నా తీసుకెళ్ళవచ్చని బతిమాలుకున్నారు.

"రేపు రావడం నాకు కష్టం కాదన్నయ్యా" అన్నారు పెద్దక్కగారు. "కానీ ఇవాళ వదిలేసి వెళితే మీ అమ్మాయి పరీక్ష తప్పించుకుందని రాయాలి. ఆ మాట నా చేత్తో రాయించకండి."

పెళ్ళికంగారులో ఆ అమ్మాయికి ఒక్క చుక్కా రాలేదు. ఒకసారి కబురందించాక నమూనా ఇచ్చేవరకు క్రీడాకారిణిని కంటికి దూరం కానివ్వకూడదన్నది నియమం. కాబట్టి పెద్దక్కగారు కూడా పెళ్ళివారి వ్యానెక్కి, ముస్తాబు గదిలో కూర్చుని, చివరికి హాలులో పెళ్ళికూతురి కుర్చీ వెనుకే నిలబడ్డారు. మా సీసాల పెట్టెను ఎవరో కానుకల బల్లమీద సర్దేశారు. దానికి కాపలాగా నన్ను నిలబెట్టారు.

అంతలో పెళ్ళికొడుకు మేనత్త చెవిన "డ్రగ్స్ పరీక్ష" అన్న మాట పడింది. పది నిమిషాల్లో హాలంతా గుప్పుమంది. సాక్షి సంతకానికి కలం అందుకున్న వియ్యంకుడుగారు, అంటే పెళ్ళికొడుకు తండ్రి, దాన్ని కిందపెట్టి, అసలు విషయం తేలేదాకా రిజిస్టరులో సంతకాలు జరగవన్నారు. పెళ్ళికొడుకు వద్దంటున్నా ఆయన వినలేదు. అంత బరువులెత్తే పిల్ల పెద్దక్కగారి వైపు తిరిగింది. "మీరే చెప్పండి పిన్నీ" అంది ఆ అమ్మాయి.

పెద్దక్కగారు గొంతు పెంచలేదు. "బావగారూ, మేము మత్తుమందు వాడేవాళ్ళకోసం వెతికే పోలీసులం కాదు. ఈ దేశంలో బరువులెత్తే ఆడపిల్లలు వేలమంది. మేము చెప్పాపెట్టకుండా వెళ్ళేది అందరికంటే బాగా ఎత్తే ఇరవై మంది ఇళ్ళకే. ఇవాళ్టి ఫలితం ఏమొస్తుందో నాకు తెలీదు, తెలిసినా చెప్పను. కానీ ఈ పిల్ల ఇంటి తలుపు ఇప్పటికి పదకొండుసార్లు తట్టాను. పదకొండుసార్లూ తనే వచ్చి తీసింది."

వియ్యంకుడుగారు పెళ్ళికూతురి వైపు చూశారు. "ఇరవై మందేనా?" అని మెల్లగా అడిగారు.

"ఇరవై మందే."

ఆయన కలం చేతిలోకి తీసుకున్నారు. సంతకాలయ్యాయి, చప్పట్లు మోగాయి, పెళ్ళికూతురి కంగారు తీరింది. మరుక్షణమే ఆ అమ్మాయి పెద్దక్కగారి చెయ్యి తట్టి, "పిన్నీ, పదండి పదండి" అంటూ పరుగందుకుంది. పెళ్ళిదుస్తుల అంచులు రెండు చేతులా ఎత్తిపట్టుకుని వెనకే పరుగెత్తిన ప్రభుత్వాధికారిణి బహుశా వీరొక్కరే అయి ఉంటారు. మేము సీసాలకు సీలు వేస్తుంటే, బయట వియ్యంకుడుగారు పంక్తి పంక్తికీ తిరిగి, తమ కోడలు దేశంలో మొదటి ఇరవై మందిలో ఒకతె అని వడ్డించేవాళ్ళతో సహా అందరికీ చెబుతున్నారు. ప్రయోగశాల నుంచి ఫలితం మూడు వారాలకు వచ్చింది: ఏ దోషమూ లేదు.

2013 నుంచి కొత్తవారికి శిక్షణ ఇచ్చే బాధ్యత కూడా వీరే వహించారు. నేడు మన సంస్థలోని సేకరణాధికారుల్లో సగం మంది వీరి చేతిలో పని నేర్చుకున్నవారే. దోషం తేలిన నమూనాలూ వీరి చేతుల మీదుగా వెళ్ళాయి. అటువంటి రోజున వీరు భోజనం డబ్బా తెరిచేవారు కారు; పట్టుబడ్డవారిని గురించి తేలికగా మాట్లాడినవారిని ఒక్క చూపుతో ఊరుకోబెట్టేవారు.

ఈ సేవ వెనుక వీరి భర్తగారి పాత్ర చెప్పకపోతే లోపమవుతుంది. గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళు నాలుగింటికి లేచి, వీరికి టీ పెట్టి, మళ్ళీ పడుకున్నారు. ఆ ఘనకార్యానికి తనకు కూడా శాలువా కప్పాలని నిన్ననే ఫోనులో అడిగారు. కప్పుతున్నాము.

మైదానాల్లో ఇన్నేళ్ళు గడిపినా తాను ఒక్క ఆటా పూర్తిగా చూడలేదని పెద్దక్కగారు మొన్న నవ్వుతూ చెప్పారు. పరీక్షించవలసిన ఒక్కరి మీదే చూపు నిలపాలి కనుక, ఎవరు గెలిచారో వీరికి మర్నాటి పత్రికలోనే తెలిసేది. అందుకే సహోద్యోగులమంతా కలిసి, రాబోయే పోటీల కాలానికి వీరికీ, భర్తగారికీ, మనవరాలికీ ముందువరుసలో మూడు కుర్చీలు తీసుకున్నాము. పెద్దక్కగారు సంపూర్ణ ఆరోగ్యంతో, దృఢమైన మోకాళ్ళతో, నూరేళ్ళు దాటి జీవించాలనీ, ఇకమీదట ప్రతి ఆటా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలనీ, నచ్చినవాళ్ళ పక్షాన గొంతు పోయేలా అరవాలనీ మనసారా కోరుకుంటున్నాము.